ఆన్‌లైన్‌లో కొన్న కుర్తీ నిజంగా కాటనేనా? నాకు పనిచేసిన పద్ధతి

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. "ప్యూర్ కాటన్" అని ఉంటే నమ్మి అమ్మకు నాలుగు కుర్తీలు తెప్పించాను. మే నెల ఎండలో వేసుకుంటే అరగంటకే వీపుకు అతుక్కుపోయేవి, మెడంతా చెమటకాయలు. నేను బాధపడతానని చాన్నాళ్లు చెప్పలేదు పాపం.

స్టార్ రేటింగులు, ఎక్కువ ధర, ఫొటో జూమ్ చేయడం... ఏదీ తేల్చలేదు.

చివరికి తేల్చింది పోగు కాల్చి చూడటం. ఈసారి పార్సిల్ రాగానే ట్యాగ్ తీయకుండా కుర్తీని తిరగేశాను. లోపలి అంచు నుంచి నిలువు పోగొకటి, అడ్డం పోగొకటి లాగాను. కుట్టు దారం మాత్రం తీసుకోకండి. బట్ట అసలైన కాటనే అయినా కుట్టు దారం తరచుగా పాలిస్టరే ఉంటుంది. అది తెలియక ఒక మంచి కుర్తీని వెనక్కి పంపేశాను, ఇప్పటికీ బాధే. పోగులను పట్టకారుతో పట్టుకుని, సింకు మీద విడివిడిగా అంటించాను. నిలువు పోగు కాగితం కాలిన వాసనతో కాలి, నలిపితే మెత్తని బూడిదైంది. అడ్డం పోగు ముడుచుకుని కరిగి, చల్లారాక ఆవగింజ కన్నా చిన్న నల్లటి గట్టి పూసలా మిగిలింది. అంటే కాటన్‌లో పాలిస్టర్ లాంటిది కలిపిన మిక్స్! అదే రోజు రిటర్న్ పెట్టాను.

అన్నిటికీ ఇది సరిపోదు. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది, పాలిస్టర్ కొంచెమే కలిస్తే పూస కనిపించకపోవచ్చు. అందుకే ఇప్పుడు ముందు ఒక్కటే తెప్పించుకుని, కాల్చి చూశాకే మిగతావి ఆర్డర్ పెడుతున్నాను.