పాయింట్ గార్డ్ కోచ్ కావాలంటే: జిమ్మీ అలపాగ్ దారి

బాస్కెట్‌బాల్‌లో కెరీర్ చివర్లో ఉన్న గార్డులు (బంతి పట్టుకుని ఆట నడిపించేవాళ్లు) కోచింగ్‌లోకి రావాలనుకుంటే ఫిలిప్పీన్స్‌లో జిమ్మీ అలపాగ్‌ను చూడాలి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ పీబీఏలో 2003లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2011లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). 2014 ప్రపంచకప్‌లో సెనెగల్‌ను ఓవర్‌టైమ్‌లో 81-79తో ఓడించిన ఫిలిప్పీన్స్ జాతీయ జట్టు గిలాస్‌కు కెప్టెన్.

ఆడుతుండగానే తయారీ మొదలుపెట్టాలి. మ్యాచ్ వీడియో పెట్టుకుని ప్రతి పిక్ అండ్ రోల్‌కూ (సహచరుడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి, అంటే స్క్రీన్ పెట్టి, తర్వాత బాస్కెట్ వైపు కదిలే ఎత్తుగడ) మూడు సంగతులు రాసుకోండి: స్క్రీన్ ఎక్కడ పడింది, స్క్రీనర్‌ని కాస్తున్నవాడు ఏం చేశాడు, ఏ పాస్ దొరికింది. మంచి గార్డుకు ఈ నిర్ణయం ఆలోచించకుండానే వచ్చేస్తుంది, అందుకే నేర్పడం దగ్గర తడబడతాడు. "చూసి పాస్ ఇవ్వు" అంటే కుర్రాడికి ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పాలి: స్క్రీనర్‌ని కాస్తున్న ఎదుటి బిగ్ (పొడవాటి ఆటగాడు) త్రీ పాయింట్ గీత దాటి పైకి వస్తే అతని వెనక రోలర్ (స్క్రీన్ పెట్టి బాస్కెట్ వైపు వెళ్లేవాడు) ఖాళీగా ఉంటాడు, నేల మీంచి బౌన్స్ పాస్ ఇవ్వు. రోలర్‌ని ఆపడానికి అవతలి కార్నర్ డిఫెండర్ లోపలికి వస్తే బంతి ఆ కార్నర్‌కే వెళ్లాలి. బిగ్ వెనక్కి తగ్గి నిలబడితే ఆగి షాట్ కొట్టు.

స్క్రీన్ పనిచెయ్యట్లేదంటే ముందు భుజం చూడండి. డ్రిబ్లర్ భుజం స్క్రీనర్ నడుముకు రాసుకుంటూ పోవాలి. సందు మిగిలితే డిఫెండర్ అందులోంచి దూరిపోతాడు. మరో తప్పు, స్క్రీనర్ కుదురుగా నిలబడకముందే బయల్దేరడం. అది అఫెన్సివ్ ఫౌల్ తెచ్చిపెడుతుంది.

దీన్ని ముగ్గురికి ముగ్గురితో ఆడించండి, 12 సెకన్ల గడువు పెట్టండి. 90 నిమిషాల ప్రాక్టీసులో 20 నిమిషాలు దీనికి చాలు. ప్రతి తప్పుకూ ఆట ఆపొద్దు. ఆపితే 20 సెకన్లకు మించి మాట్లాడొద్దు, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

కొత్త కోచ్‌లు ఎక్కువగా దెబ్బతినేది టైమ్‌అవుట్ల దగ్గర. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల్లో మొదటి సగంలో 2, రెండో సగంలో 3. అయితే నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో గరిష్ఠంగా 2 మాత్రమే వాడొచ్చు. మూడూ దాచుకుంటే ఒకటి పోయినట్టే. ఉన్న నిమిషంలో దాడికి ఒక్క మాట, డిఫెన్స్‌కి ఒక్క మాట చెప్పండి.

ఉద్యోగం సంగతికొస్తే, చిన్న లీగ్ అని తీసిపారేయకండి. అలపాగ్ కోచ్‌గా ఏబీఎల్‌లో (ఆసియాన్ బాస్కెట్‌బాల్ లీగ్) అలబ్ పిలిపినాస్ జట్టును 2017-18లో ఛాంపియన్ చేశాడు. ఫైనల్‌లో థాయ్‌లాండ్ జట్టు మోనో వాంపైర్‌పై 3-2తో నెగ్గింది. బాబీ రే పార్క్స్ జూనియర్ పక్కన బాల్క్‌మన్, బ్రౌన్లీ లాంటి విదేశీ ఆటగాళ్లున్న జట్టది. అంత పేరొచ్చాక కూడా అమెరికాలో ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్‌కి అనుబంధ జట్టయిన స్టాక్టన్ కింగ్స్‌కి అసిస్టెంట్‌గా చేరాడు, తర్వాత శాక్రమెంటో కింగ్స్‌లోనే ప్లేయర్ డెవలప్‌మెంట్ పనికి వెళ్లాడు. టైటిల్ గెలిచిన హెడ్ కోచ్‌కి ఇది మెట్టు దిగడంలా కనిపించొచ్చు. కానీ ఒక్కో ఆటగాడితో విడిగా పనిచేసే ఇలాంటి అవకాశం వస్తే వదులుకోకండి. హెడ్ కోచ్‌కి అంత తీరిక దొరకదు.