చూసిన సినిమా గురించి రాయడం – 4వ పాఠం: జాలి మార్కులు వద్దు

ఈసారి పాఠమంతా కామెడీ గురించే ఉంటుందని చెప్పాను. మూడో పాఠానికి మీరు పంపిన అభ్యాసాలు చదివాక దాన్ని బాగా కుదించాల్సి వచ్చింది. ముందు వాటి సంగతి చూద్దాం.

పోయినసారి ‘కథ చెప్పకండి, మీకేమనిపించిందో రాయండి’ అన్నాను. దాదాపు అందరూ కథ మానేశారు. అంతవరకు బాగుంది. అయితే కథ ఖాళీ చేసిన చోట విశేషణాలు వచ్చి కూర్చున్నాయి. ‘ఆఫ్టర్‌సన్’ మీద రాసినవాళ్లు గుండె బరువెక్కిందన్నారు, హృద్యంగా ఉందన్నారు, సినిమా వెంటాడుతోందన్నారు. మీకు నిజంగానే అలా అనిపించి ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ వాక్యాలను తీసుకెళ్లి ‘పాస్ట్ లైవ్స్’ కింద పెడితే అక్కడా చక్కగా అతుకుతాయి. ఏ సినిమా కిందైనా అతికే వాక్యం ఆ సినిమా గురించి ఏమీ చెప్పలేదనే లెక్క.

అందుకే మూడో పాఠానికి ఇంకో ముక్క కలుపుకోండి. అనిపించింది రాశాక, అది తెర మీద ఏ చోట మొదలైందో కూడా రాయాలి. సన్నివేశం పేరు చెప్పి వదిలేస్తే చాలదు, అందులో ఏ మాట దగ్గరో, ఏ చూపు దగ్గరో చెప్పాలి.

‘ఆఫ్టర్‌సన్’ (2022, దర్శకురాలు షార్లెట్ వెల్స్) నుంచే చూపిస్తాను. తండ్రి, పదకొండేళ్ల కూతురు టర్కీలో ఒక రిసార్టులో సెలవులు గడుపుతుంటారు. ఒక రాత్రి కరావోకేలో (రికార్డు చేసిన సంగీతానికి వేదిక ఎక్కి పాడే కార్యక్రమం) ఇద్దరూ కలిసి పాడదామని కూతురు పేర్లు ఇస్తుంది. తండ్రి రానంటాడు. పిల్ల ఒక్కతే వేదిక ఎక్కి, శ్రుతి తప్పుతూనే పాట పూర్తి చేస్తుంది. కిందికి వచ్చాక ‘కావాలంటే పాట నేర్పిస్తాను, క్లాసులు పెట్టిస్తాను’ అంటాడు తండ్రి. నీ దగ్గర డబ్బు లేదని తెలిసి కూడా అలాంటివి ఇప్పిస్తానని ఎందుకంటావు అని కూతురు అడిగేస్తుంది.

ఈ సన్నివేశం మీద మీలో చాలామంది రాసింది ఇలా ఉంది: ‘తండ్రీకూతుళ్ల మధ్య అనుబంధాన్ని దర్శకురాలు ఎంతో సున్నితంగా ఆవిష్కరించారు.’ నేనైతే ఇలా రాస్తాను: ‘నాన్న దగ్గర డబ్బు లేదని ఆ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు. తనకు తెలుసన్న సంగతి నాన్నకు అప్పుడే తెలిసింది. ఆమె పాడుతున్నంతసేపూ తట్టుకున్నాను, ఆ ప్రశ్న దగ్గర తట్టుకోలేకపోయాను.’ ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు. అయినా నాకు నచ్చిందని మీకు అర్థమైంది, ఎందుకు నచ్చిందో కూడా తెలిసింది.

‘పాస్ట్ లైవ్స్’ (2023, సెలీన్ సాంగ్) చివర్లో ఏమీ జరగలేదని రాసినవాళ్లు ఆ చివరి నడక మళ్లీ చూడండి. చిన్ననాటి స్నేహితుణ్ణి కారు ఎక్కించడానికి కథానాయిక నోరా అతనితోపాటు తెర మీద ఎడమ వైపుకు నడుస్తుంది. అక్కడ ఇద్దరూ మాటల్లేకుండా నిలబడతారు. కారు వెళ్లిపోయాక ఆమె అదే దారిలో కుడి వైపుకు, భర్త దగ్గరికి నడిచి వస్తుంది. ఆ వెనక్కి నడిచే కాసేపట్లోనే ఆమె ఏడుపు ఆపుకోలేని స్థితికి వచ్చేస్తుంది. ఇంత జరిగింది. మీకు నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, కానీ జరిగినదాన్ని చూసి రాయండి.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయానికి వస్తాను. ‘ఇంత తక్కువ బడ్జెట్‌లో ఇలా తీయడం గొప్ప విషయం.’ ‘మొదటి సినిమా కాబట్టి చిన్న చిన్న లోపాలు పట్టించుకోకూడదు.’ ‘ఇలాంటి ప్రయత్నాలను ప్రోత్సహించాలి.’ వచ్చిన అభ్యాసాల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి లేనివి తక్కువ. వీటిని నేను జాలి మార్కులు అంటాను.

మంచి మనసుతోనే రాస్తారని తెలుసు. కానీ సినిమా తీసినవాళ్లకు ఇది మేలు చేయదు. ఏళ్ల తరబడి రాసి, తీసి, ఎడిటింగ్ గదిలో ఒక్కో షాటు గురించి వాదించుకుని తెచ్చిన సినిమాకు ‘పాపం, బాగానే కష్టపడ్డారు’ అన్నామంటే, వాళ్లు తెర మీద పెట్టినదాన్ని మనం చూడనే లేదని అర్థం. మనల్ని చదివేవాళ్లకూ మేలు లేదు. ఒకసారి జాలితో మెచ్చుకున్నామని పసిగట్టారంటే, రేపు నిజంగా మెచ్చుకున్నా నమ్మరు. ఇంకా పెద్ద నష్టం ఇంకొకటుంది. మెచ్చుకోవడానికి బడ్జెట్టు ఒక సాకుగా దొరికితే మన కళ్లు వెతకడం మానేస్తాయి. అసలు బాగున్నది అక్కడే ఉన్నా మనకు కనపడదు.

‘టాంజరిన్’ (2015, షాన్ బేకర్) సంగతే చూడండి. ఐఫోన్ 5ఎస్‌తో, సుమారు లక్ష డాలర్లతో తీశారు. దాని మీద రాసిన ప్రతివాళ్లూ ఫోన్ గురించి రాస్తారు. ఫోన్‌తో తీశారు కాబట్టి గొప్ప అంటే అది జాలి మార్కు. ఫోన్ చిన్నది కావడంతో దర్శకుడు సైకిల్ మీద తిరుగుతూ నటీమణుల వెంట పడగలిగాడు, అందుకే కోపంతో వీధుల వెంట దూసుకుపోతున్న ఆ అమ్మాయితో పాటు మనమూ ఆయాసపడతాం అంటే అది అభిప్రాయం. నాకు మాత్రం ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది చివర్న లాండ్రీలో జరిగే చిన్న పని. ఒకామె విగ్గు పాడైపోతే, స్నేహితురాలు తన తల మీది విగ్గు తీసి ఆమెకు ఇస్తుంది. ఏ కెమెరాతో తీసినా ఆ సన్నివేశం అంతే బాగుంటుంది.

అదే దర్శకుడి ‘అనోరా’ దగ్గరికి వచ్చేసరికి తక్కెడ ఇంకోవైపు మొగ్గింది. 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్, 2025లో ఐదు ఆస్కార్లు, అందులో నాలుగు బేకర్‌వే. అన్ని అవార్డులు వచ్చాక బాగోలేదని ఎలా అంటాం అని మీరే రాశారు. ఎందుకు అనకూడదు? డబ్బున్న కుర్రాణ్ణి పెళ్లాడిన అనోరాను, అతని పెద్ద ఇంట్లో ముగ్గురు మగవాళ్లు అదుపు చేయలేక అవస్థపడే భాగం అరగంటకు దగ్గరగా నడుస్తుంది. నవ్వు, భయం ఒకేసారి కలిగేలా అంతసేపు నడపడం అసాధారణం. ఆ తర్వాత, పారిపోయిన ఆ కుర్రాణ్ణి రాత్రంతా వెతికే భాగంలో మాత్రం అదే అరుపులు, అదే హడావుడి. అక్కడ నాకు విసుగొచ్చింది. రెండూ రాస్తాను.

‘ది హోల్డోవర్స్’ (2023, అలెగ్జాండర్ పేన్) కూడా అంతే. డిజిటల్‌లో తీసి 1970ల నాటి ఫిల్ములా కనిపించేలా మలిచారు. ఆ పాతదనం మీద మీరంతా మనసు పారేసుకున్నారు. నన్ను అది పెద్దగా కదిలించలేదు, అందులోని బడి మాస్టారి కథ ఎలా ముగుస్తుందో కూడా సగం సినిమాకే ఊహించగలిగాను. కానీ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న వంటమనిషి, వాడి చిన్నప్పటి బట్టలను కడుపుతో ఉన్న చెల్లెలి ఇంటికి తీసుకెళ్తుంది. ఆమె గురించి ఒక పేజీ రాయగలను.

బడ్జెట్టు మాట అసలు ఎత్తకూడదా అంటే, ఎత్తవచ్చు. డబ్బు లేకపోవడం వల్ల దర్శకుడు తీసుకున్న నిర్ణయం తెర మీద కనిపిస్తున్నప్పుడు ఎత్తండి. మిగతా సమయాల్లో వద్దు.

కామెడీకి వద్దాం. ‘నవ్వు రాలేదు’ అని ఆపేయకండి. జోకును తిరిగి చెప్పకండి, రాతలో అది చచ్చిపోతుంది. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పండి. ‘శివా బేబీ’ (2020, ఎమ్మా సెలిగ్‌మన్) 77 నిమిషాల సినిమా, చాలావరకు ఒకే ఇంట్లో, యూదుల పరామర్శ సభలో జరుగుతుంది. బంధువులు కథానాయికకు తిండి పెట్టి, పెళ్లి గురించి, ఉద్యోగం గురించి అడుగుతుంటారు. వెనక వాయులీనాలు మాత్రం దెయ్యం సినిమాలోలా గీరుతుంటాయి. నవ్వుతూనే టెన్షన్ పడతాం. ‘ఎ రియల్ పెయిన్’ (2024, జెస్సీ ఐసెన్‌బర్గ్)లో బెంజీ, డేవిడ్ ఒక టూరు గుంపుతో పోలండ్ వెళ్తారు. అక్కడ వార్సా స్మారక విగ్రహాల మధ్య బెంజీ నాటకీయంగా ఫోజు పెట్టి, ఆ గుంపునంతా కలుపుకుంటాడు. డేవిడ్ అందరి ఫోన్లూ పట్టుకుని ఫొటోలు తీస్తూ బయటే ఉండిపోతాడు. నవ్వొస్తుంది. అన్నదమ్ముల బిడ్డలైన ఆ ఇద్దరి మధ్య జీవితమంతా ఏం నడిచిందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

నా పద్ధతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. లైట్లు వెలగగానే ఒక వస్తువు, ఒక మాట, ఒక ముఖం రాసుకుంటాను. ‘ఎ రియల్ పెయిన్’కు నేను రాసుకున్న వస్తువు డేవిడ్ చేతిలోని ఆ ఫోన్లే. నా రాత పూర్తయ్యేదాకా దర్శకుల ఇంటర్వ్యూలు చూడను. స్టార్లు ఇవ్వను, మీరూ ఇవ్వకండి.

అభ్యాసం: మీరు ఇదివరకు మెచ్చుకుంటూ రాసిన ఒక చిన్న సినిమా తీసుకోండి. ఆ రాతలోంచి బడ్జెట్టు, అవార్డులు, ‘మొదటి సినిమా’, ‘ప్రయత్నం’ అన్నీ కొట్టేయండి. ఎన్ని వాక్యాలు మిగిలాయో చూడండి. ఇప్పుడు మీకు బాగా నచ్చిన సన్నివేశాన్ని ఒకసారి శబ్దం ఆపి, ఒకసారి కళ్లు మూసుకుని వింటూ, మూడోసారి మామూలుగా చూసి 200 పదాలు రాయండి. ఆ తర్వాత అదే సినిమాలో మీకు నచ్చని సన్నివేశం మీద, ఇదే పద్ధతిలో, ఇంకో 200 రాయండి. నచ్చనిది ఒక్కటీ లేదంటే సినిమా మొత్తం ఇంకోసారి చూడండి. రెండు రాతలూ కలిపే పంపండి, ఒక్కటే పంపితే చదవను.