ఇంపిడెన్స్ పాఠాలు – 5: కుడి చివరి గుట్ట ఎవరిది?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ప్లాట్లన్నీ చూశాను, అదే, హైడ్రోజన్‌తో నడిచే ఘన ఆక్సైడ్ ఫ్యూయెల్ సెల్ ఇంపిడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి సెల్ చూపే నిరోధం) గ్రాఫులు. ఎడమవైపు ఓమిక్ విలువ (ఎలక్ట్రోలైట్, తీగల మామూలు నిరోధం) చదవడంలో ఎవరూ తడబడలేదు, కాబట్టి దాని జోలికి వెళ్లను. గొడవంతా కుడి చివర, 100 హెర్ట్జ్ కంటే కింద లేచే గుట్ట దగ్గరే. దాదాపు అందరూ దానికి ‘డిఫ్యూజన్’ అని పేరు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఓ వార్‌బర్గ్ ముక్క (డిఫ్యూజన్‌కి వాడే రెడీమేడ్ సర్క్యూట్ భాగం) తగిలించి, ఫిట్ కుదిరింది కదా అని చేతులు దులుపుకున్నారు. అన్ని మీటలు తిప్పితే ఫిట్ దేనికైనా కుదురుతుంది. నేను కూడా పోయినసారి ‘గ్యాస్ గుట్ట’ అని ఒక్క మాటతో దాటేశాను, సగం తప్పు నాదే.

అక్కడ ఇద్దరు దాక్కుని ఉంటారు. పెళ్లి బంతిలో మీ ఆకులోకి పులిహోర రాలేదనుకోండి. వడ్డించేవాడు వరసల మధ్య ఇరుక్కుపోయి ఉండొచ్చు, అది డిఫ్యూజన్, అంటే గ్యాస్ ఎలక్ట్రోడ్ దాకా చేరడంలో ఇబ్బంది. లేదా వంటశాల నుంచే తక్కువ పంపి ఉండొచ్చు, అది కన్వర్షన్, అంటే కరెంటు హైడ్రోజన్‌ని ఆవిరిగా మార్చేయడంతో అక్కడి గ్యాస్ కూర్పే మారిపోవడం. ఆకు మాత్రం రెండుసార్లూ ఖాళీయే. డెన్మార్క్‌లోని రిసో పరిశోధన కేంద్రంలో ప్రిమ్‌డాల్, మోగెన్‌సెన్ ఈ రెంటినీ విడదీసి 1998లో ఒక పేపర్, 1999లో ఇంకోటి రాశారు. అయినా జనం ఇంకా కలిపేస్తూనే ఉన్నారు, నాకు చిరాకు అక్కడే.

లెక్క చూడండి. ఒక ఆంపియర్ కరెంటు నిమిషానికి సుమారు 7 మి.లీ. హైడ్రోజన్ తినేసి అంతే ఆవిరి వదులుతుంది. మీ ఫ్లో 100 మి.లీ., ఆవిరి 3% అయితే, గ్యాస్ బాగా కలిసే అరలో ఆ ఆవిరి 10% అవుతుంది. 800 డిగ్రీల దగ్గర నెర్న్‌స్ట్ లెక్కలో (గ్యాస్ కూర్పు నుంచి వోల్టేజి చెప్పే సూత్రం) అదొక్కటే సుమారు 59 మిల్లీవోల్టులు లాగేస్తుంది, ఆనోడ్ (హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్) పాపం ఏ తప్పూ చేయకుండానే! ఓసీవీ (కరెంటు తీయనప్పటి వోల్టేజి) దగ్గర చిన్న సిగ్నల్‌తో కొలిస్తే ఇది దాదాపు 111 మిల్లీ ఓమ్‌ల గుట్ట. ఫ్లో రెట్టింపు చేస్తే సగం. ఫ్లో కదపకుండా ఆవిరి 50% చేస్తే 13కి పడిపోతుంది. అందుకే నేను 3% దగ్గర ఆనోడ్‌ని అసలు కొలవను, మీరు కొలిస్తే మీ ఇష్టం.

ఆ 3% కూడా బబ్లర్ (గ్యాస్‌కి ఆవిరి పట్టించే నీళ్ల సీసా) 25 డిగ్రీల దగ్గర ఉంటేనే. ఒక మే నెలలో మా ల్యాబ్ ఏసీ చచ్చిపోయి బబ్లర్ 35కి చేరింది, ఆవిరి 5.6% అయింది, ఓసీవీ 1.10 నుంచి 1.07కి దిగింది. సీల్ లీకవుతోందని టెన్షన్ పడి, కంగారుగా చల్లార్చి విప్పితే సెల్ రెండు ముక్కలుగా చేతికొచ్చింది. సీల్ చుట్టూ గాజు నిక్షేపంగా ఉంది.

మరి డిఫ్యూజన్‌ని పట్టుకునేది ఎలా? హైడ్రోజన్‌లో సగం నైట్రోజన్ కలిపి ఒకసారి, దాని బదులు హీలియం కలిపి ఇంకోసారి కొలవండి. హీలియంలో ఆవిరి చాలా వేగంగా కదులుతుంది కాబట్టి డిఫ్యూజన్ గుట్ట తగ్గుతుంది, కన్వర్షన్ గుట్ట కదలదు. కానీ నైట్రోజన్‌కి సెట్ చేసిన మాస్ ఫ్లో కంట్రోలర్‌లోంచి హీలియం పంపితే అసలు ఫ్లో సుమారు 1.4 రెట్లు అవుతుంది, అది సరిచేయకపోతే రెండు గుట్టలూ కదిలి మళ్లీ మొదటికొస్తారు. టెంపరేచర్ 100 డిగ్రీలు మార్చినా ఈ రెండూ పెద్దగా మారవు. బాగా మారిందంటే అది ఎలక్ట్రోడ్ రియాక్షన్.

అభ్యాసం: 50, 100, 200 మి.లీ. ఫ్లోలు, 3%, 20%, 50% ఆవిరి, నైట్రోజన్ ఒకసారి హీలియం ఒకసారి, మొత్తం 18 ప్లాట్లు. ప్రతిదానికీ ముందు కాగితం మీద కన్వర్షన్ విలువ లెక్కేసుకోండి. ఓపిక లేనివాళ్లు కనీసం నైట్రోజన్, హీలియం ఏదీ కలపని హైడ్రోజన్‌కి 800 డిగ్రీలు, 100 మి.లీ., 20% దగ్గర లెక్క వేయండి, 20 మిల్లీ ఓమ్‌లు రావాలి. రాకపోతే కింద కామెంట్‌లో అడిగే ముందు టెంపరేచర్‌ని కెల్విన్‌లో వేశారో లేదో చూసుకోండి.