కొత్త ఉద్యోగం, మొదటి వారం: బట్టలతో వచ్చే తిప్పలు

కొత్తగా ఆఫీసులో చేరేవాళ్లు ఏం కొనాలని అడుగుతుంటారు. నేను చేరినప్పుడు బట్టలకేం కొదవ లేదు. వాటిని అద్దం ముందు నిలబడి చూసుకున్నానే గానీ, వేసుకుని చెయ్యెత్తి, కూర్చుని, నాలుగడుగులు నడిచి చూసుకోలేదు. కింద రాసిన తిప్పల్లో చాలావరకు అక్కడ పుట్టినవే.

మెయిల్‌లో "బిజినెస్ క్యాజువల్" అని రాశారు, ఏం వేసుకోవాలో తెలియట్లేదు

ఆ మాటకి ఒక్కో ఆఫీసులో ఒక్కో అర్థం. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాచోట్ల జీన్స్, కాలరున్న టీషర్టు నడిచిపోతాయి. బ్యాంకులోనో ఆడిట్ సంస్థలోనో అయితే ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఇన్‌షర్ట్, తోలు బూట్లు. మెయిల్ పంపిన హెచ్ఆర్ వాళ్లకే ఫోన్ చేసి "మన టీమ్‌లో మామూలుగా ఏం వేసుకొస్తారండీ?" అని అడిగేయండి, నామోషీ ఏం లేదు. జవాబు రాకపోతే ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లను గుర్తు తెచ్చుకోండి. వీడియో కాల్‌లో జరిగిన ఇంటర్వ్యూ అయితే నడుం కింది సంగతి దేవుడికెరుక! అప్పుడు ముదురు ప్యాంటు, లేత రంగు చొక్కా, లేదా సాదా కుర్తీ వేసుకెళ్తే ఎక్కడా వేలెత్తి చూపరు.

ఆఫీసు చేరేలోపే ఇన్‌షర్ట్ ఊడిపోతోంది

అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గంలో దిగేసరికి చొక్కా సగం బయటే ఉంటుంది. అందరూ బెల్టు బిగిస్తారు, పాపం బెల్టు చేసిన తప్పేం లేదు. రైల్లో పైన వేలాడే పట్టీ పట్టుకోగానే చొక్కా మొత్తం పైకి లేస్తోందా? చంక కుట్టు మరీ కిందికి ఉందన్నమాట. అది ఎంత దిగి ఉంటే, చెయ్యెత్తినప్పుడు అంత గుడ్డను తనతోపాటు లాక్కెళ్తుంది. వదులుగా ఉంటే హాయి అని ఒక సైజు పెద్దది కొనేవాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. టైలరు పక్కలు పట్టి ఇవ్వగలడు గానీ, కత్తిరించేసిన చంకను పైకి జరపలేడు. అందుకే కొనేటప్పుడే ట్రయల్ రూమ్‌లో గుండీలన్నీ పెట్టుకుని, ఇన్‌షర్ట్ చేసుకుని, రెండు చేతులూ పైకెత్తి చూడండి.

ఇంకో కారణం పొడవు చాలకపోవడం. కింది అంచు తిన్నగా ఉన్న చొక్కాలు ఎక్కువగా బయటికి వదిలి వేసుకోవడానికి కుట్టినవి. ముందూ వెనకా కిందికి దిగి, పక్కల గుండ్రంగా పైకి పోయినవి చూసుకోండి. ఇప్పటికే కొనేశారా? రెండు పక్కలా మిగిలిన గుడ్డను వెనక్కి మడిచి లోపలికి దోపండి. ఆ పూటకి గడుస్తుంది.

మధ్యాహ్నానికల్లా కొత్త బూటు కరుస్తోంది

నడుస్తుంటే మడమ లోపల జారుతోందంటే బూటు పెద్దదైంది. వేళ్లు నొక్కుకుపోతున్నాయంటే చిన్నది. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొనేది సాయంత్రమే, అదీ ఆఫీసుకి వేసుకునే సాక్సుతోనే. చేరడానికి వారం ముందు నుంచి రోజూ ఓ అరగంట ఇంట్లో వేసుకుని తిరగండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మడమ ఎర్రబడగానే ప్లాస్టర్ అంటించుకోండి, బొబ్బ లేచేదాకా ఆగొద్దు.

కోటు కొత్తదే, కానీ ఎందుకో అందరూ వెనక్కి చూస్తున్నారు

ఇది నాకే జరిగింది. రెండో రోజు లిఫ్టులో పెద్దాయనొకరు దగ్గరికొచ్చి "బాబూ, వెనక దారం అలాగే ఉంచేశావ్" అన్నారు. రెడీమేడ్ కోటు వెనక చీలిక ముడతపడకుండా గుణకారం గుర్తులా ఓ వదులు కుట్టు వేసి పంపుతారు. అది కత్తిరించి తీసేయాలని నాకెవరు చెప్పారు! ముంజేతి దగ్గర బయటికి కుట్టిన బ్రాండు పట్టీ, జేబు మూసేసిన కుట్టు కూడా అంతే. చిన్న కత్తెరతో ముందురోజు రాత్రి తీసేయండి. చొక్కా ముందు నిలువుగా అంటించిన సైజు స్టిక్కరు సంగతీ మరవొద్దు.

తెల్ల చొక్కాలోంచి బనీను కనిపిస్తోంది

తెల్ల చొక్కా కింద తెల్ల బనీను కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒంటి రంగుదో లేత బూడిద రంగుదో వేసుకోండి.

జీతం రాలేదు, ఎన్ని జతలు కొనాలి?

రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు చాలు. మిగతావి నెల తర్వాత, అక్కడివాళ్లను చూశాక కొనుక్కోవచ్చు. కాటన్ ప్యాంటు అయితే ఒకసారి ఉతికాకే పొడవు తగ్గించండి, నీళ్లలో ముడుచుకుంటుంది. లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచమని టైలరుకి చెప్పండి.

చీర, చున్నీ కుర్చీ దగ్గర చిక్కుకుంటున్నాయి

మా చెల్లెలు చేరిన రోజు మంగళగిరి కాటన్ చీర కట్టుకెళ్లింది. మీటింగ్‌లో లేవబోతే పవిట చివర చక్రాల కుర్చీ కింద ఇరుక్కుంది. పిన్నీసు భుజం దగ్గర ఊడొచ్చి జాకెట్టు చిరిగింది. అప్పట్నుంచి కూర్చోగానే పవిట చివర ఒళ్లోకి తీసుకోవడం అలవాటు చేసుకుంది. ఐడీ కార్డు తాడు పిన్నీసుకి తగులుకుంటుంటే తాడు మానేసి నడుం దగ్గర క్లిప్పు పెట్టుకుంటోంది. బ్యాగులో ఎప్పుడూ ఇంకో నాలుగు పిన్నీసులుంటాయి.