మిద్దె విప్పే పనికి రెసిప్రోకేటింగ్ రంపం ఎలా ఎంచుకోవాలి

కర్నూలులో పాత ఇళ్ళు విప్పి కలప అమ్మడం మా ఇంటి వృత్తి. పడగొట్టడం అనే మాట మేం వాడం. మట్టి మిద్దెను పైనుంచి వరసగా విప్పాలి: ముందు పైకప్పు మీది చవుడు మట్టి దించాలి, తర్వాత దాని కింది అడ్డకర్రలైన దంతెలు, చివరికి దూలాలు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఊళ్ళు ఖాళీ అయినప్పుడు మా నాన్న అక్కడి నుంచి తెచ్చిన రెండు దూలాలు ఇప్పటికీ మా వసారాను మోస్తున్నాయి. ఆయన దగ్గర గునపం, చేతిరంపం తప్ప ఇంకేమీ లేవు. నాకు ఈ పని నేర్పింది 2009 అక్టోబరు వరద. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఇళ్ళలో నిలిచి వెళ్ళాక కలప ఉబ్బింది, మేకులు తుప్పుపట్టి చెక్కలోనే బిగుసుకుపోయాయి. గునపంతో పెకలిస్తే దూలం కొస చీలిపోయేది. కొస చీలిన టేకు దూలాన్ని దూలంగా ఎవరూ కొనరు, ముక్కల లెక్కన అడుగుతారు.

ఆ చీలికను తప్పించే పనిముట్టే రెసిప్రోకేటింగ్ రంపం. కొన్ని దుకాణాల్లో సాబర్ సా అంటారు. 1951లో అమెరికాలో మిల్వాకీ కంపెనీ ‘సాజాల్’ పేరుతో దీన్ని అమ్మకానికి తెచ్చింది. ముందుకూ వెనక్కూ ఆడే బ్లేడును రెండు చెక్కల మధ్య సందులోకి దూర్చి మేకునే కోసేస్తాం. దూలానికి దెబ్బ తగలదు.

నేను మొదట కొన్నది వాట్లు చూసి కొన్నాను. డబ్బా మీద పెద్ద అంకె ఉంది, ధర తక్కువగా ఉంది. నెల తిరగకుండానే బ్లేడు పట్టుకునే బిగింపులోకి చవుడు దుమ్ము చేరి, తిప్పితే తిరగని స్థితికి వచ్చింది. బ్లేడు మార్చాలంటే ప్రతిసారీ శ్రావణంతో కుస్తీ. విడిభాగం ఊళ్ళో దొరకలేదు, పంపిన చోటి నుంచి జవాబు రాలేదు. అప్పటి నుంచి రంపం చేతిలోకి తీసుకోగానే నా కళ్ళు ముందుగా బిగింపు మీదికే వెళ్తాయి. పనిముట్టు అవసరం లేకుండా చేత్తోనే తెరుచుకోవాలి, లోపలి భాగాలు లోహంతో ఉండాలి, గాలి ఊదితే దుమ్ము బయటికి రావాలి. బ్లేడును తలకిందులుగా కూడా బిగించగలగాలి. గోడకు ఆనుకున్న దంతెను కింది నుంచి పైకి కోయాల్సిన సందర్భాలు ప్రతి ఇంట్లోనూ వస్తాయి. బ్లేడు మొదలు అరంగుళం వెడల్పున ఉండే మామూలు రకం పట్టాలి. అప్పుడే ఏ కంపెనీ బ్లేడైనా సరిపోతుంది.

తర్వాత చూడాల్సింది రంపం ముందు, బ్లేడు చుట్టూ ఉండే లోహపు ఆనుడు పలక. దాన్ని షూ అంటారు. పని చేసేటప్పుడు అది చెక్కకు గట్టిగా ఆనుకుని ఉండాలి. ఆనకపోతే బ్లేడు చెక్కను కోయడం మాని రంపాన్నే ఊపుతుంది. షూ ముందుకూ వెనక్కూ జరిగేదైతే బ్లేడు మొదట్లో పళ్ళు అరిగాక దాన్ని జరిపి మిగిలిన పళ్ళను వాడుకోవచ్చు. బ్లేడు ఒక్కసారి కదిలే దూరం దూలాల పనికి కనీసం 28 మిల్లీమీటర్లు ఉండాలి. పొడవుగా కదిలే బ్లేడు పొట్టును బయటికి లాగుతుంది, అరుగుదలను ఎక్కువ పళ్ళకు పంచుతుంది. పైపులు కోసేవారికి ఇంతకన్నా చిన్న రంపం చాలు.

వేగం వేలి నొక్కుడుతో తగ్గాలి, పెరగాలి. బ్లేడు నిమిషానికి 3,000 సార్ల వరకు ముందుకూ వెనక్కూ ఆడే రంపాలున్నాయి. చెక్కకు ఆ వేగం బాగుంటుంది. మేకు దగ్గర అదే వేగంతో కోస్తే పళ్ళు వేడెక్కి మొద్దుబారతాయి.

అదురు గురించి మాత్రం నేను గట్టిగా చెప్తాను. మా మేస్త్రికి డిసెంబరు చలిలో కుడిచేతి వేళ్ళు రెండు తెల్లబడి స్పర్శ పోతుంది. ఏళ్ళ తరబడి అదిరే యంత్రాలు పట్టినందువల్ల వచ్చే జబ్బు అది. రంపంతో వచ్చే పుస్తకంలో అదురు కొలత రాసి ఉంటుంది, దాన్ని అడిగి చదవండి. అది m/s² లెక్కలో ఉంటుంది. ఎనిమిది గంటల పనిదినానికి యూరప్ నిబంధనలు పెట్టిన హద్దు 5. కొలత రెట్టింపైతే పట్టుకోగల సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే 10 ఉంటే రెండు గంటలు, 20 ఉంటే అరగంట. ఇది రంపం నడుస్తున్న సమయం మాత్రమే. అందుకే అదురు తగ్గించే ఏర్పాటు ఉన్న రంపానికి ఎక్కువ డబ్బు పెట్టడానికి నేను వెనకాడను. మా దగ్గర ఒకే మనిషి రోజంతా రంపం పట్టడు, చేతులు మారతాయి.

వైరుదా, బ్యాటరీదా అన్నది మీ పని చోటును బట్టి ఉంటుంది. విప్పే ఇంటికి కరెంటు ముందే తీసేస్తారు. పక్కింటి నుంచి సన్నటి వైరు దూరంగా లాగితే వోల్టేజి పడిపోయి మోటారు కాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. వైరు రంపంలో మోటారుకు కరెంటు అందించే, అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు బయటి మూతలు విప్పి మార్చుకునేలా ఉంటే మంచిది. బ్యాటరీదైతే 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు తీసుకోండి. మే నెల ఎండలో కాగిన బ్యాటరీ చల్లబడేదాకా చార్జర్ ఎక్కించదు. రెండోది నీడలో ఉంచుకోవాలి.

మంచి రంపానికి నాసిరకం బ్లేడు పెట్టడం పెద్ద తప్పు. మేకులున్న కలపకు బైమెటల్ బ్లేడు, అంగుళానికి 6 నుంచి 10 పళ్ళది కావాలి. దాని వీపు వంగే ఉక్కు, పళ్ళు గట్టి ఉక్కు, అందుకే విరగదు. ఒట్టి కార్బన్ ఉక్కు బ్లేడు రెండు మేకులకే నున్నబడుతుంది. ఇనుప పైపుకు 14, పల్చటి రేకుకు 18 లేదా 24 పళ్ళవి. కోసే లోహం మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆనాలి. పొడవు 230 మిల్లీమీటర్లు ఉంటే దూలం చుట్టూ పని జరుగుతుంది. గోడలో పాత కరెంటు వైర్లు దాగి ఉంటాయి కాబట్టి బ్లేడు కనపడని చోట దూర్చే ముందు ఫ్యూజు తీసేశారో లేదో స్వయంగా చూడండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు నేను సంచిలో తుప్పు మేకులున్న దంతె ముక్క ఒకటి తీసుకెళ్తాను. ముందు విడిభాగాలు ఈ ఊళ్ళో ఎవరు ఇస్తారో, ఎన్నాళ్ళలో ఇస్తారో బిల్లు వెనక రాయించుకుంటాను. తర్వాత బ్లేడును పదిసార్లు తీసి పెడతాను. ఆపైన ఆ ముక్కను బల్లకు బిగించి, షూ ఆనించి, నెమ్మది వేగంతో మేకును కోస్తాను. కోత అయ్యాక వెంటనే పెన్ను అడిగి కాగితం మీద నా పేరు రాసి చూస్తాను. అక్షరం వణికితే ఆ రంపం అక్కడే వదిలేసి వస్తాను.