కోతల ముందు నానో డబ్బా కొంటున్నారా? కొంచెం ఆగండి

యాసంగి కోతలు దగ్గరికొచ్చాయి. ఇంకో పదిహేను రోజులైతే సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా దిక్కు ఏ ఊరికి పోయినా పొలాల్లో హార్వెస్టర్లే కనిపిస్తాయి, ఎండ 40 దాటి ఉంటుంది, కిరాయి గంటల లెక్క కాబట్టి మిషన్ ఆపడానికి ఎవరికీ మనసు రాదు. ఇంజిన్లు హీటెక్కేది ఇప్పుడే. "నానో కూలెంట్", "నానో ఆయిల్" అని రాసున్న చిన్న డబ్బాలు షాపుల్లో ముందు వరుసకు వచ్చేదీ ఇప్పుడే. నేను పీహెచ్‌డీ చేస్తున్నది ఈ నానోఫ్లూయిడ్ల మీదే, అంటే కంటికి కనపడనంత సన్న రేణువులు కలిపిన ద్రవాల మీదే, అందుకని ఊరికి పోతే చాలు "అది పొయ్యొచ్చా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. ఈ సీజన్‌కి వద్దు.

అసలు విషయం మోసమేమీ కాదు. నీళ్లలో కంటే రాగిలో వేడి 600 రెట్లకు పైగా సులువుగా పాకుతుంది. మరి రాగినో అల్యూమినానో వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే చిన్న రేణువులు చేసి నీళ్లలో కలిపితే ఎలా ఉంటుందని అడిగినవాళ్లలో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో పనిచేసిన స్టీఫెన్ చోయ్ ఒకడు, నానోఫ్లూయిడ్ అనే పేరు పెట్టింది ఆయనే, 1995లో. 2001లో అదే ల్యాబ్ వాళ్లు, కూలెంట్లలో వాడే ఇథిలిన్ గ్లైకాల్‌లో నూటికి 0.3 పాళ్లు రాగి రేణువులు కలిపితే వేడిని మోసే గుణం 40 శాతం దాకా పెరిగిందని రాశారు. ఇంక అందరూ దాని మీద పడ్డారు. 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే రకం శాంపిళ్లు పంచుకుని కొలిచి చూస్తే, వాటిలో ఆ అద్భుతమేమీ దొరకలేదు, ఎప్పటినుంచో ఉన్న మామూలు లెక్క చెప్పినంతే పెరిగింది. ఆ లెక్క ప్రకారం నూటికి ఒక పాలు కలిపితే పెరిగేది మూడు పాళ్ల దగ్గర.

ఇప్పుడు డబ్బా సంగతి చూడండి. 20 లీటర్ల కూలెంట్ పట్టే మిషన్‌లో నూటికి ఒక పాలు అంటే 200 మిల్లీలీటర్ల గట్టి పదార్థం, అల్యూమినా అయితే దాదాపు 800 గ్రాముల పొడి. మీరు కొన్న నూరు మిల్లీలీటర్ల సీసాలో అంత పట్టనే పట్టదు. పోనీ ఎక్కువ పోద్దామంటే కూలెంట్ చిక్కబడుతుంది, పంపు మీద భారం పడుతుంది, రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలైతే సన్న ట్యూబుల్లో ఇరుక్కుంటాయి, పంపు సీలును రాకుతాయి. మా ల్యాబ్‌లో గంటల తరబడి అల్ట్రాసోనిక్ మెషిన్‌లో కదిలించి, పాలలాగా తయారైందని సంబరపడి టేబుల్ మీద పెట్టిపోయిన సీసా, పొద్దున వచ్చి చూస్తే పైన తేట నీళ్లు, అడుగున వేలు మందం తెల్ల మడ్డి. ఏసీ గదిలో కదలకుండా ఉన్నదానికే ఆ గతి పడితే, కోతలయ్యాక ఆరు నెలలు షెడ్డులో నిలబడే హార్వెస్టర్‌లో ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది, అదెవరూ చెప్పరు. రేడియేటర్‌లో వేడికి అడ్డం పడేది ఎక్కువగా గాలి వైపే. లోపల నీళ్ల నుంచి ట్యూబు గోడకు వేడి బాగానే చేరుతుంది, అక్కడి నుంచి గాలిలోకి పోవడమే కష్టం, రేకులు రేకులుగా ఫిన్స్ పెట్టింది అందుకే. ఆ ఫిన్స్ మధ్య వరి తుక్కు కూరుకుపోయి ఉంటే లోపల బంగారం కరిగించి పోసినా లాభం లేదు.

పోయినేడు మా చిన్నాయన మిషన్‌కి ఇదే అయింది. ఎవరో చెప్పారని ఒక నానో డబ్బా కొని పోశాడు, మూడో రోజు మధ్యాహ్నం మడి మధ్యలో టెంపరేచర్ మీటర్ ముల్లు ఎర్రగీత దాటింది. నాకు ఫోన్. పొయ్యి చూస్తే రేడియేటర్ ముందు జాలీ మీద తుక్కు, దుమ్ము, ఆయిల్ చెమ్మ కలిసి పిడకలాగా గట్టిపడి ఉంది, గీరితే బకెట్ నిండింది. చల్లారాక అడుగు ప్లగ్గు తీస్తే బూడిద రంగు నీళ్లు, వాటితో పాటు తెల్ల పెచ్చులు. ఆ పెచ్చులు నానోవి కావు, సున్నం. రెండేళ్లుగా పోస్తున్నది బోరునీళ్లు మరి. మన నీళ్లు ఎలాంటివో కొత్తగా చెప్పాలా, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు పడింది. రేడియేటర్‌కి మాత్రం శత్రువు ఫ్లోరైడ్ కాదు, సున్నం. బకెట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్డుకు పట్టే తెల్ల పొర చూశారుగా, ఇంజిన్ లోపల గోడలకు పట్టేదీ అదే, వేడిని బయటికి పోనివ్వదు.

కాబట్టి సీజన్ ముందు చేయాల్సింది ఇది. పాత కూలెంట్ మొత్తం దించి, కడిగి, కంపెనీ చెప్పిన కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో వాళ్లు చెప్పిన పాళ్లలో కలిపి పోయండి, బోరునీళ్లు మాత్రం పోయకండి. రేడియేటర్ మూత రబ్బరు పగిలి ఉంటే మూత మార్చండి, ఆ మూత పట్టే ప్రెషర్ వల్లే కూలెంట్ వంద డిగ్రీలకు పైన కూడా మరగకుండా ఆగుతుంది. ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు చేత్తో నొక్కి చూడండి. కోతలప్పుడు రోజూ మధ్యాహ్నం అన్నానికి ఆపినప్పుడు జాలీ దులపండి. కంప్రెసర్ గాలి కొడితే గాలి లోపలికి వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. దగ్గర నుంచి గట్టిగా కొడితే ఫిన్స్ వంగిపోతాయి. ముల్లు ఎర్రగీతకు పోతే తొందరపడి మూత తిప్పొద్దు, ముఖం కాలినవాళ్లను చూశాను.

ఇంజిన్ ఆయిల్‌లో కలిపేవాటి కథ వేరు. మాలిబ్డినమ్ డైసల్ఫైడ్, గ్రాఫీన్ లాంటివి రాపిడి తగ్గిస్తాయన్నది ల్యాబ్‌లో మేమూ చూస్తున్నదే. మూడు ఉక్కు గుండ్లు బిగించి, వాటి మీద నాలుగోదాన్ని గంటసేపు తిప్పి, పడిన గాటు ఎంత వెడల్పుందో మైక్రోస్కోప్‌లో కొలుస్తాం. ఒక మోతాదు దాకా గాటు చిన్నదవుతుంది, దాటితే మళ్లీ పెద్దదవుతుంది. మీ ఆయిల్‌లో అరుగుదల తగ్గించే మందులు కంపెనీ ముందే కలిపి పెట్టింది, పైనుంచి మీరు వేసేది వాటితో కలిసి పనిచేస్తుందో పోటీ పడుతుందో డబ్బా మీద రాసి ఉండదు. ఇంకో ప్రమాదం అసలే మరవొద్దు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్ గేర్ ఆయిల్‌లో ఇది పోస్తే రాపిడి తగ్గేది బ్రేకులకు కూడా. వడ్ల లోడుతో ట్రాలీ దిగుతుంటే తొక్కినా పట్టకపోతే ఇంకేముంది. బైక్ ఇంజిన్‌కీ అంతే, క్లచ్ కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, జారుతుంది.

ప్రాజెక్టులని నానో పొడి కొనే మన ఇంజినీరింగ్ తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక్క మాట. ఆ పొడి పొగలాగా లేస్తుంది, ఊపిరితిత్తుల అడుక్కు పోతుంది, టైటానియం డైఆక్సైడ్‌ పొడిని పీలిస్తే క్యాన్సర్ కారకం కావచ్చనే జాబితాలో పెట్టారు కూడా. ఫ్యాన్ కింద తూచొద్దు, ఎన్95 మాస్కు, గ్లౌజులు లేకుండా మూత తీయొద్దు, ఒలికితే ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తండి, మిగిలింది సింకులో పోయొద్దు.

దించిన పాత కూలెంట్ కూడా గట్టు మీద పారబోయకండి. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. బర్లు, కుక్కలు నాకుతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే పిల్లలు తాగేస్తారు.

చిన్నాయన ఈ ఏడు కూడా ఒక డబ్బా కొన్నాడట. సీల్ తీయకుండా ల్యాబ్‌కి తెమ్మన్నా, ఆరబెట్టి అందులో ఎన్ని గ్రాముల పొడి ఉందో తూస్తా.