వెనక లారీ వస్తుంటే సైకిల్ ఎక్కడుండాలి

హారన్ వినగానే చాలామంది తారు అంచుకు జరిగిపోతారు. నిజానికి ప్రమాదం అక్కడే. అంచున ఇసుక, గాజుపెంకులు, తారుకూ మట్టికీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు గట్టు. ముందు చక్రం కిందికి జారాక ఏటవాలుగా ఎక్కించబోతే గట్టుకు రాసుకుని, మనిషిని రోడ్డు మీదికే పడేస్తుంది.

అంచు నుంచి రెండున్నర, మూడు అడుగులు వదిలి తిన్నగా తొక్కండి. బండి మరీ దగ్గరగా వస్తే ఎడమకు తప్పుకోడానికి ఆ జాగా ఉంటుంది. ఆగి ఉన్న కార్ల పక్కన నాలుగు అడుగులైనా వదలాలి, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలీదు. ఇరుకు వంతెన వస్తుంటే ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపి, లేన్ మధ్యకు రండి. దాటగానే పక్కకు తప్పుకోండి. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

పెద్ద లారీ వేగంగా దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెట్టి, తర్వాత లోపలికి లాగుతుంది. మోచేతులు కాస్త వంచి, హ్యాండిల్ బిగదీయకుండా పట్టుకోండి. ట్రాక్టరైతే ఇంజను దాటగానే కుడికి జరగొద్దు, వెనక ట్రాలీ ఉంటుంది.

ఎదురుగా బస్సును దాటుతూ మీ వైపుకొచ్చే కారు సైకిల్ కోసం ఆగదు. వేగం తగ్గించి మట్టిలోకి దిగండి, చక్రం తిన్నగా ఉంచి, ముందు బ్రేకు నొక్కకుండా.